శివరాత్రి దాకా ఆ అరటి మొక్కల జోలికి పోకండి

పొడుగ్గా రాస్తానని నాకు ఎలాగూ పేరుంది. ఇవాళా అంతే. కాఫీ పెట్టుకుని కూర్చోండి.

మొన్న ముక్కనుమ నాటి మీటింగులో మన కల్యాణ మండపం వెనక పెరడు సంగతి వచ్చింది. అరటి మొక్కలన్నీ చలికి మాడిపోయాయి, చూడ్డానికి బాగోలేదు, జేసీబీ పిలిపించి దుంపలతో సహా పీకించేసి పేవర్ బ్లాకులు పరిపిస్తే పన్నెండు కార్లు పడతాయి అని ఒక ప్రతిపాదన. చాలామంది తలలూపారు. కార్లకి చోటు కావాలన్నది నిజమే, ముహూర్తాల రోజుల్లో రోడ్డు మీద మనం పడే అవస్థ నాకూ తెలుసు. ఆ విషయం విడిగా మాట్లాడుకుందాం. కానీ "ఎలాగూ చచ్చిపోయాయి కదా" అనే మాట మీద తీర్మానం చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. అవి చచ్చిపోలేదు.

మన సెమిలిగుడ చలి ఎలాంటిదో ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. కింద నుంచి కోడళ్లుగా, అల్లుళ్లుగా వచ్చినవాళ్లకి చెప్పాలి. సాలూరులో చొక్కా మీద బస్సెక్కినవాడు పొట్టంగి దాటేసరికి శాలువా వెతుక్కుంటాడు. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్నాం. పుష్యమాసంలో కొన్ని రాత్రులు 5 డిగ్రీల దాకా దిగుతుంది, ఒక్కో ఏడు ఇంకా కిందికీ పోతుంది. తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంటుంది. అరటేమో వేడి దేశపు మొక్క. రోజు మొత్తం మీద సగటు 16 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి కొత్త ఆకు వెయ్యడం దాదాపు మానేస్తుంది. 10 కంటే దిగితే ఆకు పసుపు తిరుగుతుంది. నీరు గడ్డకట్టే దాకా వస్తే ఆకు ఒక్క రాత్రిలో ఉడకేసిన తోటకూరలా వేలాడిపోయి, రెండు రోజుల ఎండకి గోధుమ రంగుకి వస్తుంది. మీరు మీటింగులో చూసింది అదే.

ఇప్పుడు ఒక్కసారి పెరట్లోకి వెళ్లి సరిగ్గా చూడండి. మాడింది అన్ని మొక్కలూ కాదు. వంటశాల గోడని ఆనుకుని ఉన్న నాలుగు గుబుర్లు పచ్చగా ఉన్నాయి. పనస చెట్టు కింద ఉన్న మూడూ పచ్చగానే ఉన్నాయి, అంచులు మాత్రం కాస్త ఎండాయి. పూర్తిగా నల్లబడింది పల్లంలో, కొత్త కాంపౌండు గోడ పక్కన ఉన్న వరస. ఒకే పెరడు, ఒకే రాత్రి, ఒకే చలి. మరి తేడా ఎందుకొచ్చింది?

మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. నేలని అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. బరువెక్కిన గాలి నీళ్లలాగే పల్లానికి పారుతుంది. పనస చెట్టు గొడుగులా ఉండి కింద ఉన్న వేడిని పైకి పోనివ్వదు. వంటశాల ఇటుక గోడ పగలంతా ఎండ తాగి రాత్రంతా కొద్దికొద్దిగా వదులుతుంది. పల్లంలో ఉన్న వరసకి ఆ రెండూ లేవు. పైగా రెండేళ్ల కిందట మనమే అక్కడ గోడ కట్టాం. అంతకు ముందు వెదురు కంచె ఉండేది, చల్లగాలి దాని సందుల్లోంచి కిందనున్న పొలాల్లోకి జారిపోయేది. ఇప్పుడు గోడ ఆ గాలికి గట్టులా అడ్డం పడింది. చెరువులో నీరు నిలిచినట్టు అక్కడ చలి నిలిచిపోతోంది. ఆ వరస ఇంతలా మాడడం గోడ కట్టాకే మొదలైందని పాత సభ్యులు ఎవరిని అడిగినా చెబుతారు. గోడ వద్దనడం లేదు. దొంగల బెడద ఉంది, గోడ ఉండాల్సిందే. నేల మట్టానికి పది పన్నెండు చోట్ల రెండేసి ఇటుకలు తీయించి ఇనుప జాలీ పెట్టిస్తే చాలు. ఒక మేస్త్రీకి ఒక పూట పని.

ఇక అసలు సంగతి, దుంప.

అరటిని చెట్టు అంటాం గానీ అది చెట్టు కాదు. మనకి కనపడే బోద మాను కాదు, ఆకు తొడిమెలు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న పొరలు. అసలైన కాండం నేలలో ఉన్న దుంపే. కొత్త ఆకు పుట్టే మొలక గెల పట్టే కాలం వచ్చేదాకా ఆ దుంప నెత్తిమీద, నేల దగ్గరే కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచే ఆకులు ఒకదాని లోపల నుంచి ఒకటి చుట్టుకుని పైకి వస్తాయి. అంటే పైన ఆరడుగుల ఎత్తున ఆకులన్నీ మాడినా, ఇంకా గెల మొలవని మొక్కకి ప్రాణం మాత్రం జానెడు మట్టి కిందే పదిలంగా ఉంటుంది. మట్టి గాలంత తొందరగా చల్లబడదు. మా మామ్మ ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. పార్వతీపురం పక్క పల్లె నుంచి పెళ్లయి ఘాటీ ఎక్కి వచ్చిన మనిషి. మాడిన మొక్కని చూసి మేం ఏడుపు ముఖం పెడితే, "ఆకు సచ్చిపోతే మొక్క సచ్చిపోనట్టేటిరా బావూ? దుంపనడుగు" అనేది.

దుంపని అడగడం చాలా తేలిక. మీకు అనుమానం ఉన్న మొక్కలో ఒక్కదాన్ని మోకాలెత్తున కత్తిపీటతో అడ్డంగా నరకండి. మధ్యలో రూపాయి బిళ్లంత మేర తెల్లగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో మెత్తగా, వాసన వేస్తూ ఉంటే ఇంకా కిందికి కోసి చూడండి. తెల్లగా ఉన్నదాన్ని అలా వదిలేసి రెండు రోజులయ్యాక వస్తే, కాస్త ఎండ కాసిన రోజులైతే, మధ్యలో చుట్టిన మొవ్వు వేలెడు పైకి తోసుకుని వచ్చి ఉంటుంది. చుట్టూ ఉన్న పొరలు కోసినచోటే ఉంటాయి, మధ్యది మాత్రం లేచి నిలబడుతుంది. పిల్లలకి చూపించండి, స్కూల్లో చెప్పిన దానికన్నా బాగా గుర్తుంటుంది.

గెల వేసిన మొక్క సంగతి మాత్రం వేరు. గెల మొలిచే కాలానికి ఆ మొలక దుంపని వదిలి బోద లోపల నుంచి పైకి ఎక్కుతుంది. మనం కూర వండుకునే దవ్వ అదే. అప్పుడు పైన చలి కొడితే ఆ మొక్కకి తిరిగి లేచే దారి లేదు. డిసెంబరు, జనవరిలో పువ్వు బయటికి రావాల్సిన మొక్కల్లో గెల ఒక్కోసారి బోద గొంతులోనే ఇరుక్కుపోతుంది, సగం బయటికి వచ్చి వంకర తిరుగుతుంది. బయటికి వచ్చిన గెల కూడా మామూలుగా మూడు నెలల్లో నిండేది ఐదు నెలలు తీసుకుంటుంది. ఇక 13 డిగ్రీల కిందికి ఎక్కువ రోజులు ఉంటే కాయ తొక్క కింద పాలు గడ్డకట్టి, పండినా రంగు తేలదు, బూడిద పట్టినట్టు ఉంటుంది. అరటిపళ్లు ఫ్రిజ్జులో పెట్టకూడదని మన ఆడవాళ్లు చెప్పేది ఇందుకే. కాబట్టి మన పెరట్లో ఇప్పుడు గెలతో ఉన్న రెండు మొక్కలకి ఏమీ చెయ్యలేమేమో గానీ, వాటి పక్కన ఉన్న పిలకలకి అన్నీ చెయ్యొచ్చు.

మా మామ్మ ఏం చేసేదో చెబుతాను. ఇదే ఊళ్లో, ఇదే చలిలో, నా కళ్లతో చూసింది కాబట్టి.

కార్తీకం దాటాక అరటికి పేడ వెయ్యడం మానేసేది. ఇప్పటి మాటలో చెప్పాలంటే యూరియా. చలి ముందు ఎరువు పడితే లేత ఆకు వస్తుంది, లేత ఆకే ముందు మాడుతుంది. బదులుగా పొయ్యి బూడిద వేసేది. మార్గశిరం రాగానే పాదు చుట్టూ మట్టి ఎగదోసి, దాని మీద చోడిగడ్డి, ఎండుటాకులు మోకాలెత్తు పరిచేది. పచ్చి ఆకులు వెయ్యనిచ్చేది కాదు, కుళ్లి దుంపకి తగులుతుందని. నడుమెత్తు పిలకలకి రెండు గోనె సంచులు చుట్టి పురికొసతో వదులుగా కట్టేది. ప్లాస్టిక్ పట్టా అప్పుడు లేదు. ఉన్నా మంచిది కాదు, ఆకుని అంటుకుని ఉన్నచోటే ఎక్కువ మాడుస్తుంది, లోపల చెమ్మ పట్టి కుళ్లు పడుతుంది. తప్పక వాడితే కర్రలు పాతి మొక్కకి తగలకుండా కట్టి, ఎండ రాగానే తీసెయ్యాలి. నీళ్లు సాయంత్రం ఆకుల మీద చల్లడం కాదు, మధ్యాహ్నం లోపు పాదులోకి, అదీ మితంగా. తడి మట్టి పగటి వేడిని పొడి మట్టి కన్నా ఎక్కువ దాచుకుంటుంది. బావి నీళ్లయితే మరీ మంచిది, పుష్యమాసం పొద్దున్న చేదలోంచి పొగలు రావడం మీరందరూ చూసినదే. అలాగని మడుగు కట్టించకూడదు, చల్లటి బురదలో దుంప కుళ్లిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మాడిన ఆకుల్ని కొయ్యనిచ్చేది కాదు. అవి బోద చుట్టూ లంగాలా వేలాడుతూ దానికి దుప్పటి అవుతాయి. చూడ్డానికి అసహ్యంగానే ఉంటాయి, నిజమే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు కదా, ఆ మర్నాడు కత్తి పట్టుకునేది. (ఆకుమచ్చ తెగులు పట్టిన ఆకులైతే వేరే సంగతి, వాటిని ఎప్పుడైనా తీసి తగలబెట్టాల్సిందే.)

మనం చేసేదేమో సరిగ్గా దీనికి తిరగేసి. కార్తీక పున్నమికి ఒడియా వాళ్ల బోయిత బందాణకి పడవలు చెయ్యడానికి మన పెరట్లోంచే బోదలు పట్టుకెళతారు. పదిహేను రోజులకి పోలి స్వర్గం నాడు మనకి దీపాలు వదలడానికి దొప్పలు కావాలి. రెండింటికీ బయటి వరస మొక్కలే నరుకుతాం, చేతికి అందుతాయి కాబట్టి. గుబురుకి గాలి తగలకుండా కాసే మొక్కలు అవే. చలి మొదలయ్యే వారానికి లోపలి పిలకలు బట్టల్లేకుండా నిలబడతాయి. పండగలు మానమని కాదు. నరికేవి ఏవో ముందే గుర్తుపెట్టి, గెల దింపిన ముసలి మొక్కల్నే ఇవ్వాలి. ఆ బోద ఎలాగూ పోయేదే.

మనం ఒక్కళ్లమే ఈ బాధ పడుతున్నామనుకోకండి. మా చిన్నాన్న భుసావళ్ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ఆయన చెప్పేవాడు, ఆ జళగావ్ జిల్లా అంతా అరటే, రావేర్, యావల్ పక్క ఎటు చూసినా తోటలే అని. 2016లో జళగావ్ అరటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడా డిసెంబరు, జనవరిలో 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. రైతులు తోట చుట్టూ అవిశ జాతి మొక్కలు దడిలా పెంచుతారు, లేదా షేడ్ నెట్ కడతారు, ఉత్తరపు చలిగాలికి అడ్డం. గెలలకి సంచులు తొడుగుతారు. చలి ఎక్కువున్న రాత్రులు బావి నీళ్లు పారిస్తారు. చెత్త కాల్చి పొగ పెడతారు కూడా. పొగ కన్నా మంట వేడికే కాస్త లాభం ఉంటుందని నా అభిప్రాయం. మన పెరట్లో అది వద్దు, మండపం పందిరి గుడ్డలు పక్కనే ఉన్నాయి.

ఇంకో కొస చూడండి. మా మేనకోడలు న్యూజెర్సీలో, మంచు కురిసేచోట, పెరట్లో అరటి పెంచుతోంది. అది మూసా బాస్జూ అనే రకం, పుట్టిల్లు దక్షిణ చైనా, జపాన్‌లో నార కోసం పెంచారు. పండు తినడానికి పనికిరాదు, అంతా గింజలే. (బషో అనే జపాను కవి పేరు ఈ మొక్కదే, శిష్యుడు ఇచ్చిన అరటి మొక్క గుడిసె ముందు పెరిగితే ఆ పేరు పెట్టుకున్నాడు.) మొదటి మంచుకి ఆకులు మాడగానే నడుమెత్తున నరికేస్తుంది, చుట్టూ కోళ్ల జాలీ గుండ్రంగా నిలబెట్టి, లోపల ఎండుటాకులు కూరి, వాన పడకుండా పైన మూత పెడుతుంది. ఏప్రిల్లో విప్పుతుంది. నీళ్లు గడ్డకట్టే నేలలో మూడు నెలలు ఉన్న దుంప మళ్లీ మొలుస్తోంది. ఆవిడకి అక్కడ అరటాకు మీద ఒక్క పూట భోజనం పెట్టాలని కోరిక, అంతే. మనకి ఐదు డిగ్రీలకే జేసీబీ కావాలా?

రకం సంగతి కూడా చెప్పాలి. మనం తినే అరట్లు చాలావరకు రెండు అడవి అరట్ల సంకరాలు. అందులో మూసా బాల్బిసియానా అనే తల్లి వాటా ఎక్కువున్న రకాలు చలికీ, ఎద్దడికీ కాస్త ఓరుస్తాయి. బొంత అరటి అలాంటిదే, మన పెరట్లో వంటశాల వైపున్నవి అవే. కర్పూర చక్కెరకేళికి ఆ వాటా కొంత తక్కువ. ఇప్పుడు నర్సరీలు అమ్మే టిష్యూ కల్చర్ జీ-నైన్‌లో అసలు లేదు, అందుకే ముందు మాడేది అదే. "మాడినవి తీసేసి మంచి జీ-నైన్ నాటిద్దాం" అని మీటింగులో ఒక కుర్రాడు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, కానీ ఈ ఊరికి అది పనికిరాదు.

పల్లంలో మాడిన వరస ఏమిటో కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు. అవి కర్పూర చక్కెరకేళి. మండపం కట్టినప్పుడు ఊళ్లో ఉన్న పాత తెలుగు కుటుంబాలు ఒక్కో ఇంటి నుంచి ఒక్కో పిలక తెచ్చి నాటారు. ఆ ఇళ్లలోవి వాళ్ల పెద్దలు ఘాటీ కింద నుంచి తెచ్చుకున్నవి, కొన్ని కోరాపుట్ ఇంకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల్లో, అంటే 1936కి ముందు, వచ్చినవి. అరటికి విత్తనం లేదు. తల్లి దుంప పక్కన పిలక, దాని పక్కన ఇంకో పిలక, అంతే. అంటే ఇవాళ అక్కడ ఉన్నది ఆ పాత మొక్కకి కూతురూ మనవరాలూ కాదు, అదే మొక్క. ఆ ఇళ్లలో చాలా పెరళ్లు ఇప్పుడు లేవు, మేడలొచ్చాయి. మా ఇంటిదీ లేదు. జేసీబీ వస్తే కొనుక్కుని మళ్లీ తెచ్చుకునేది కాదు అది. ఒడియా వాళ్లు రోజూ సంతలో "కదళి" అని బేరమాడతారు. మనకి ఆ మాట స్తోత్రాల్లోనే మిగిలింది. మాటలు అలా పోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మొక్క అలా పోనక్కర్లేదు.

లెక్క కూడా చెప్పాలి, కోశాధికారి గారు అడుగుతారు కాబట్టి. మాఘం ముహూర్తాలకి గుమ్మంలో కట్టే అరటి మొక్కలు మనం ఎన్ని ఏళ్లుగా సాలూరు నుంచి లారీలో తెప్పిస్తున్నామో బిల్లులు చూడండి. పల్లం వరస చలికి నిలబడితే అందులో చాలావరకు మన పెరట్లోనే దొరుకుతాయి. ఇంకోటి. మండపం ఊడ్చే అప్ప జీతం ఎంతో మనందరికీ తెలుసు, చెప్పుకోవడానికి మొహం చెల్లదు. ఈ పెరటి ఆకులు కోసి హోటళ్లకి అమ్ముకోవడం ఆవిడకి మనం ఇచ్చిన పాత మాట. మీటింగులో ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఎవరూ అడగలేదు, ఆవిడా ఏమీ అనలేదు. పీకేస్తే ఆ డబ్బు జీతంలో కలుపుతామని ముందు తీర్మానం రాసి, ఆ తర్వాత పేవర్ బ్లాకుల మాట ఎత్తండి.

నేను అడిగేది ఇంతే. జేసీబీని శివరాత్రి దాకా ఆపండి. అప్పటికి ఏ దుంప మొలిచిందో ఏది మొలవలేదో కళ్లకి కనపడుతుంది, మొలవనివి నేనే తవ్వి తీయిస్తాను. కార్లకి చోటు చెయ్యాలనే నిర్ణయమే గట్టిగా ఉంటే పల్లం వరసలోని సూది పిలకల్ని, కత్తిలాంటి సన్నాకు ఉన్నవాటిని, ఉగాది తర్వాత దుంపతో తీసి, పనస చెట్టుకి తూర్పున నాటుదాం. అప్పుడు నాటితే మళ్లీ చలి వచ్చేసరికి బోద గట్టిపడుతుంది. ఇప్పుడు తీస్తే ఒక్కటీ బతకదు.

ఈ ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, ఎండ పడ్డాక, నేను పెరట్లో ఉంటాను. చోడిగడ్డి ఒక బండెడు కుందిలి పక్క రైతు ఇస్తానన్నాడు, కిరాయి నాది. బియ్యం వచ్చిన గోనె సంచులు ఇళ్లలో ఉంటే తీసుకురండి, ప్లాస్టిక్ బస్తాలు వద్దు. పురికొస, ఒక గునపం కూడా కావాలి. పిల్లల్ని తీసుకొస్తే మోకాలెత్తున ఒక మొక్క కోసి చూపిస్తాను, మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ ఆగి, మొవ్వు ఎంత లేచిందో స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు.